చూచు కన్ను, చూడబడు కన్ను

నేత్రవైద్యుని లోకము దాతగా ఎంచును. శుక్లము తీసి చూపు నిచ్చిన వైద్యునకు ముదుసలి చేతులెత్తి మ్రొక్కును. ఇచ్చువానిని పొగడుట సులభము. కాని అదే వైద్యశాలలో మఱియొక గదియందు, తల్లిదండ్రుల నెదుట కూర్చుండబెట్టుకొని, “మీ బిడ్డ కన్ను తీసివేయవలెను” అని చెప్పవలసిన వైద్యుడొకడు కలడు. రెటీనా వ్యాధులకును, కంటిలో పుట్టు క్యాన్సరునకును చికిత్స చేయుట అతని వృత్తి. ఆ గదిలో అతడు ఇచ్చువాడు కాడు, అడుగువాడు. అడుగునది ధనము కాదు, అంగము. అదియును ఎవరిని అడుగుచున్నాడో వారిది కాదు, వారి బిడ్డది. ఒకరి అంగమును కోరు అధికారము మనుష్యునకు ఎట్లు కలుగును? అతడు కోరినప్పుడు కాదనుటకు తల్లిదండ్రులకు అధికారము కలదా? ఈ రెండు ప్రశ్నలను విచారించుటకే ఈ వ్యాసము. విచారించుకొలది మూడవ ప్రశ్న యొకటి బయలుపడును. అది మనలనందఱను గూర్చినది.

ముందుగా వ్యాధి స్వభావము తెలియవలెను. రెటీనోబ్లాస్టోమా అనునది పసిబిడ్డల కంటి వెనుకపొరయైన రెటీనాలో పుట్టు క్యాన్సరు. సుమారు 15,000 మొదలు 20,000 జననములకు ఒక శిశువునకు ఇది కలుగునని లెక్క. సాధారణముగా అయిదేండ్లు నిండకముందే బయటపడును. దీని మొదటి గుఱుతు నొప్పి కాదు, జ్వరము కాదు; కనుపాపలో తెల్లని తళుకు. దీపపు వెలుగు ఒక వైపునుండి పడినప్పుడు గాని, ఛాయాచిత్రము తీసినప్పుడు గాని ఆ తళుకు కనబడును. కొందఱు బిడ్డలకు మెల్లకన్ను ఏర్పడును. మన యిండ్లలో మెల్లకన్ను అదృష్టమని మురియువారును, పిల్లికన్ను వింతయని ముద్దాడువారును కలరు. బిడ్డ యాడుకొనుచుండును, నవ్వుచుండును, పాలు త్రాగుచుండును. లోపల వ్యాధి పెరుగుచుండును. కొంతకాలమునకు అది కనుగ్రుడ్డు దాటి దృష్టినాడి వెంట మెదడునకు ప్రాకును. నెత్తురులో కలిసి ఎముకలకు చేరును. అట్లు చేరిన పిమ్మట బిడ్డను దక్కించుకొనుట మిక్కిలి కష్టము. కంటిలోనే యుండగా పట్టుకొని చికిత్స చేసినచో బిడ్డ దాదాపు నిశ్చయముగా బ్రతుకును.

ఈ సత్యము క్రొత్తది కాదు. 1809లో ఎడిన్‌బరో నగరపు శస్త్రవైద్యుడు జేమ్స్ వార్డ్రాప్, వ్యాధిగ్రస్తములైన కన్నులను కోసి పరీక్షించి, ఇది చాలవఱకు రెటీనాలోనే ఆరంభమగునని గ్రహించెను. వ్యాధి కంటిని దాటకముందే కన్ను తీసినచో ప్రాణము దక్కునని వాదించెను. అప్పటికి మత్తుమందు లేదు. ఈథరు మత్తులో శస్త్రచికిత్స బోస్టను నగరమున బహిరంగముగా చూపబడినది 1846లో. కంటి లోపలి భాగమును చూచుటకు హెల్మ్‌హోల్ట్జ్ నిర్మించిన ఆఫ్తాల్మోస్కోపు వెలువడినది 1851లో. కంటిలోనికి చూచు సాధనము లేని కాలమున, మత్తు లేని శిశువుపై కత్తి పెట్టుమని చెప్పుట ఎంత కఠినమో ఊహింపవచ్చును. అయినను ఆ కఠినమైన మాటయే దయగల మాట యని కాలము నిరూపించినది.

నేడు సాధనములు పెరిగినవి. వ్యాధి చిన్నదిగా నున్నపుడు లేజరు కాంతితో కాల్చుటయు, చలిచే గడ్డకట్టించుటయు, ఔషధములచే కుదించుటయు, రేడియోధార్మిక ఫలకమును కంటిపై కొన్నిదినములు కుట్టియుంచుటయు కలవు. కంటికి పోవు సన్నని ధమనిలోనికే మందును ఎక్కించు పద్ధతి కూడ వచ్చినది. రెండు కన్నులకును వ్యాధి వచ్చిన బిడ్డలలో ఒక్క కంటి చూపైనను నిలుపుటకు వైద్యుడు పలుమార్లు మత్తిచ్చి, పరీక్షించి, నెలల తరబడి పోరాడును. కాబట్టి కన్ను తీయుట అతని మొదటి కోరిక కాదు. వ్యాధి కన్నంతయు నిండినప్పుడు మాత్రమే అతడు ఆ మాట పలుకును. ఈ చికిత్సకై నేడు సముద్రములు దాటి పోనక్కరలేదు. 1987లో హైదరాబాదున వెలసిన ఎల్. వి. ప్రసాద్ నేత్రవైద్య సంస్థలో కంటి క్యాన్సరునకు ప్రత్యేక విభాగమే కలదు.

ఆ మాట విన్న తల్లిదండ్రులలో కొందఱు మరల రారు. ఒకరు పసరువైద్యుని వెదకుకొనుచు పోవుదురు. ఒకరు మ్రొక్కుబడి తీర్చి వత్తుమందురు. ఒకరు కన్ను తీయని వైద్యుడెవడైనను ఉండునేమో యని ఊరూరు తిరుగుదురు. నెలలు గడచిన పిమ్మట తిరిగివచ్చునప్పటికి కన్ను ముందుకు ఉబికి యుండును. అప్పుడు కత్తి మాత్రమే చాలదు. 2017లో 153 దేశములందు క్రొత్తగా వ్యాధి కనబడిన 4,351 మంది బిడ్డలనుగూర్చి వైద్యులు ఒక పరిశీలన చేసిరి. వ్యాధి నిర్ణయమగునప్పటికి బిడ్డ వయస్సు సంపన్నదేశములలో మధ్యస్థముగా 14 నెలలు. మిక్కిలి పేదదేశములలో 30 నెలలు. మూడేండ్ల పిమ్మట బ్రతికియున్నవారు సంపన్నదేశములలో నూటికి 99 మంది. మిక్కిలి పేదదేశములలో 57 మంది. వ్యాధి ఒక్కటే, కత్తి ఒక్కటే. దారిద్ర్యము, దూరము, మందుల లేమి ఈ భేదమునకు కారణములు. జరిగిన ఆలస్యము కూడ ఒక కారణము. ఆ ఆలస్యములో కొంత దారిద్ర్యమువలన కలిగినది, కొంత నిరాకరణమువలన కలిగినది. దారిద్ర్యమును తొలగించుటకు ప్రభుత్వములు కావలెను. నిరాకరణమును తొలగించుటకు విచారము కావలెను.

తల్లిదండ్రులు కాదనునది దేనిని? “కన్ను ఎట్లు పోగొట్టుకొందుము? ఇంద్రియములలో కన్ను ప్రధానము కదా” యందురు. ఈ మాటను నిదానముగా పరీక్షింపవలెను. వైద్యుడు తీయవలెననిన కంటిలో చూపు సాధారణముగా అప్పటికే నశించి యుండును. వ్యాధి రెటీనాను మ్రింగివేసినది. ఆ కంటితో బిడ్డ తల్లి ముఖమును చూచుట లేదు, చూడబోదు. చూచుచున్నది రెండవ కన్ను. ఆ రెండవ కంటితోనే బిడ్డ నడవగలడు, చదువగలడు, వృత్తి నేర్వగలడు. దూరదగ్గరలు పోల్చుకొనుట మొదట కొంత కష్టమైనను, పసితనమున అలవడిన దేహము దానిని సవరించుకొనును. అట్లయిన, కాపాడబడుచున్న కన్ను చూచు కన్ను కాదు, చూడబడు కన్ను. ఎదుటివారు చూచునప్పుడు ముఖమున రెండు కన్నులు కనబడవలెనన్న కోరికయే ఇంద్రియప్రాధాన్యమను పేరుతో మాటలాడుచున్నది. చూపు పోయిన కంటికొఱకు చూపుగల బిడ్డను బలియిచ్చుట ఇంద్రియమును గౌరవించుట యగునా?

ఇచ్చట ఒక ఆక్షేపణ కలదు. అది తేలికగా తోసివేయదగినది కాదు. కన్నిచ్చుట యనగనే తెలుగువారికి శ్రీకాళహస్తియు, తిన్నడును స్ఫురింతురు. స్వామి కంట నెత్తురు కారుట చూచి ఆ బోయబాలుడు తన కన్ను పెకలించి యిచ్చెను. రెండవ కన్నిచ్చుటకును సిద్ధపడెను. ధూర్జటి ఈ కథను శ్రీకాళహస్తీశ్వర మాహాత్మ్యమున చెప్పినాడు. “తిన్నడు ఇచ్చినది తన కన్ను. తన సొత్తును త్యజించుట త్యాగము. ఒకరి సొత్తును త్యజించుట త్యాగ మెట్లగును? మాటలైనను రాని బిడ్డ కంటిని ఇచ్చివేయుటకు మేమెవరము?” అని తండ్రి యడిగినచో వానికి ప్రత్యుత్తర మీయవలసియున్నది.

తండ్రి చెప్పినది సగము నిజము. బిడ్డ దేహమునకు తండ్రి యజమాని కాడు, ధర్మకర్త. కాని ఆ సగము నిజమే రెండవ సగమును కూడ నిర్ణయించుచున్నది. ధర్మకర్తకు ఆస్తిలో కాలిపోవుచున్న ఒక గదిని కూల్చి యిల్లు నిలుపు అధికారము కలదు. గదిపై మమకారముచే ఇంటినంతయు కాలనిచ్చు అధికారము లేదు. బిడ్డ కంటిని ఇచ్చుటకు సమ్మతి తెలుపలేదు, నిజమే. ప్రాణమును ఇచ్చుటకు మాత్రము సమ్మతి తెలిపెనా? మౌనముగానున్న వానికొఱకు మనము నిర్ణయించునప్పుడు ఒక్కటే పరీక్ష కలదు: వాడు పెద్దవాడై వచ్చి కారణమడిగినచో మనయొద్ద సమాధానము ఉండవలెను. “నా కన్ను ఏల తీయించితిరి?” అని ఇరువదియేండ్ల యువకుడు తండ్రిని అడుగవచ్చును, తండ్రి తలయెత్తి సమాధానము చెప్పగలడు. తీయింపనిచో ఆ ప్రశ్న అడుగుటకు యువకుడే ఉండడు. ఎవనికిని సమాధానము చెప్పవలసిన పని లేని నిర్ణయము నిర్దోషమైన నిర్ణయమని భ్రమింపరాదు.

తిన్నని కథకును దీనికిని మఱియొక భేదము కూడ కలదు. తిన్నడిచ్చినది చూపు నిండుగా నున్న కన్ను. తల్లిదండ్రులను వైద్యుడు అంత త్యాగము కోరుట లేదు. చూపు చచ్చిన కంటిని, చావు నిండిన కంటిని ఇమ్మనుచున్నాడు. అయినను ఇది వారికి మిక్కిలి భారముగా తోచుచున్నది. ఈ భారము కంటిది కాదు. మఱి యెక్కడనుండి వచ్చినది?

ఇచ్చటనే మూడవ ప్రశ్న తలయెత్తును. ఒంటికంటివాడు ఎదురైన పయనము మానుకొను ఆచారము మనలో పూర్తిగా చావలేదు. ఊరిలో వానికి తల్లిదండ్రులు పెట్టిన పేరు ఉండియు, లోపమే పేరై నిలుచును. ఆడుబిడ్డయైనచో చెప్పనక్కరలేదు, ఊయలలో నుండగనే ఆమె పెండ్లిగూర్చిన బెంగ బంధువులను పట్టుకొనును. “కన్ను లేని పిల్లను ఎవరు చేసికొందురు?” అను మాట వైద్యశాల వరండాలోనే వినబడును. అదే రోగమున మగబిడ్డకు సమ్మతించి ఆడుబిడ్డకు సంకోచించు తండ్రి యుండినచో, వాడు రాక్షసుడు కాడు. లోకము తన బిడ్డకు ఏమి చేయునో ముందుగా లెక్కించుకొన్నవాడు. ఆ లెక్కలోని అంకెలు వేసినది మనము.

మన ఆచారములోని వైపరీత్యమును చూడుడు. శుక్రాచార్యుడు ఒంటికంటివాడని పురాణము. వామనునకు దానమీయవలదని బలిని వారించి, కమండలువు ధారకు అడ్డుపడి, దర్భమొనచే కన్ను పోగొట్టుకొన్నాడని మన పల్లెలలో పిల్లలు సయితము చెప్పుదురు. ఆ శుక్రుడు ఆకాశమున కనబడకున్న మౌఢ్యమని పెండ్లిండ్లు మానుకొందుము. ఆయన దర్శనము లేనిదే మంగళసూత్రము కట్టము; ఒంటికంటి కన్య మండపమునకు వచ్చినచో మొగము చిట్లింతుము. ఆకాశమందలి ఒంటికంటివాడు శుభకరుడు, వీథిలోని ఒంటికంటిపిల్ల అశుభము! ఇట్టి విశ్వాసమునకు శాస్త్రము లేదు, కథకు తగిన పొందిక కూడ లేదు. దీని ఫలము మాత్రము పరిహాసము కాదు. ఎదురు రావలదని మనము ముఖము త్రిప్పుకొన్న ప్రతిసారియు, ఎక్కడనో ఒక తల్లి వైద్యుని మాటకు తలయూపుటకు జంకుచున్నది.

ఇంకొక అన్యాయము కలదు. బిడ్డకు ఇట్టి వ్యాధి వచ్చినప్పుడు నింద తల్లిపై పడును. గ్రహణమునాడు ఆమె చేసిన పని యనియు, ఆమె పుట్టింటి పాపమనియు అత్తవారు పలుకుదురు. విజ్ఞానము చెప్పునది వేఱు. 1971లో ఆల్ఫ్రెడ్ నడ్సన్ అను శాస్త్రజ్ఞుడు ఈ వ్యాధి లెక్కలను పరిశీలించి, ఒక కణమునకు రెండు దెబ్బలు తగిలిననే ఇది పుట్టునని ఊహించెను. 1986లో ఆ దెబ్బతిను జన్యువు పదుమూడవ క్రోమోసోముపై గుర్తింపబడి వేఱుచేయబడినది. మొదటి దెబ్బ కొందఱకు తల్లినుండి గాని తండ్రినుండి గాని సంక్రమించును. ఎక్కువమందిలో ఎవరినుండియు రాక ఆ బిడ్డయందే క్రొత్తగా కలుగును. వంశానుగతమైన చోట బిడ్డలలో ప్రతివానికి రెండింట ఒకపాలు అవకాశము కలదు. కావున అట్టి కుటుంబమున తరువాతి శిశువును పుట్టిననాటినుండియే పరీక్షింపవలెను. తల్లిని నిందించు కుటుంబము పరీక్షకు సిగ్గుపడి వ్యాధిని దాచును. దాచిన వ్యాధి తమ్మునికంటనో చెల్లెలికంటనో మరల మొలకెత్తును. నింద అధర్మము మాత్రమే కాదు, ప్రాణాంతకము కూడ.

ఇంతవఱకు తల్లిదండ్రులను, లోకమును విచారించితిమి. న్యాయము నిలువవలెనన్న వైద్యునికూడ విచారింపవలెను. అంగమును కోరు అధికారము తెల్లని అంగీవలన రాదు, పట్టమువలన రాదు. కోరుచున్నది నిజముగా ప్రాణమును కాపాడునను నిరూపణమువలననే వచ్చును. దీనికి నేత్రవైద్య చరిత్రయే సాక్ష్యము. పెద్దవారి కంటిలో మెలనోమా యను మఱియొక క్యాన్సరు పుట్టును. దానికి నూఱేండ్లకు పైగా వైద్యులు కన్ను తీయుటయే ధర్మమని నమ్మిరి. 1978లో జిమ్మర్మన్ అను రోగనిదానజ్ఞుడును అతని సహచరులును, తీయుటయే వ్యాధిని వెదచల్లుచున్నదేమో యని సందేహము వెలిబుచ్చిరి. వారి సందేహము సరియని తేలలేదు. కాని ప్రశ్న పుట్టిన పిమ్మట ప్రామాణ్యము చాలదు, పరీక్ష కావలెను. అమెరికా, కెనడా వైద్యులు 1987 మొదలు 1998 వఱకు మధ్యమ పరిమాణపు మెలనోమా గల 1,317 మంది రోగులను చేర్చుకొని, కొందఱకు కన్ను తీసియు, కొందఱకు రేడియోధార్మిక అయోడిను ఫలకమును ఉంచియు చూచిరి. 2001లో ఫలితము ప్రకటింపబడినది. అయిదేండ్లలో మరణించినవారు తీసినచోట నూటికి 19, ఉంచినచోట 18. భేదము లేదు. అంతకుమున్ను అట్టి రోగులయొద్ద తీసిన కన్నులలో ఎన్ని నిలిపియుండవచ్చునో!

ఈ వృత్తాంతమున వైద్యులకు అవమానము లేదు. తమ నమ్మకమును తామే తూచి చూచి, తప్పినచోట మార్చుకొన్నారు. రెటీనోబ్లాస్టోమాలో దీనికి విపరీతమైన పాఠము కూడ కలదు. కన్ను నిలుపవలెనన్న తపనతో వెలుపలినుండి కిరణచికిత్స చేసిన కాలమున, వంశానుగతమైన వ్యాధిగల బిడ్డలలో పెక్కురు కంటితో బ్రతికి, పెరిగిన పిమ్మట కిరణములు తగిలినచోటనే వేఱొక క్యాన్సరునకు గుఱియైరి. అందుచేతనే 1990 తరువాత ఆ పద్ధతి వెనుకబడి మందుల చికిత్స ముందునకు వచ్చినది. ఒకచోట కన్ను తీయుట అనవసరమని తేలెను. ఒకచోట కన్ను నిలుపుటకు చెల్లించిన వెల ఎక్కువయని తేలెను. తీయుటయు ధర్మము కాదు, నిలుపుటయు ధర్మము కాదు. ఏది ప్రాణమునకు మేలో నిరంతరము వెదకుటయే ధర్మము. ఇట్లు వెదకు వైద్యుడు మాత్రమే తల్లి యెదుట కూర్చుండి ఆమె బిడ్డ కన్ను అడుగుటకు అర్హుడు.

అడిగిన పిమ్మటకూడ అతని ధర్మము తీరదు. ఏమి జరుగునో ఆమె భాషలో చెప్పవలెను. తీసిన చోట పెట్టు కృత్రిమనేత్రమును చూపవలెను. ఈనాడు అది గాజుతో కాక సాధారణముగా ఆక్రిలిక్కుతో చేయబడి, రెండవకంటికి పోలికగా రంగులు దిద్దబడును. అట్టి కంటితో బడికి పోవుచున్న బిడ్డను చూపగలిగిన మఱియు మేలు. ఏండ్ల తరబడి రెండవకంటిని కనిపెట్టియుండవలెను. ఆమె యేడ్చునప్పుడు గడియారము చూడరాదు. వెంటనే సమ్మతింపని తల్లిని మూర్ఖురాలనుట సులభము. ఆమె మరల వచ్చునట్లు మాటలాడుట వైద్యము.

ఇక మన కర్తవ్యము. శిశువు కనుపాపలో తెల్లని తళుకుగాని, క్రొత్తగా మెల్లగాని కనబడినచో శకునము చూడక, పసరు పోయక, ఆ వారముననే నేత్రవైద్యునకు చూపుట మొదటిది. ఇది అందఱు తల్లులకును, అంగన్వాడీలలో పనిచేయువారికిని, మంత్రసానులకును తెలిసియుండవలసిన విషయము. ఒంటికంటి బిడ్డను వాని పేరున పిలుచుట రెండవది. బడిలో వానిని మంచి కంటికి పలక కనబడుచోట కూర్చుండబెట్టుటకంటె అధికమైన దయ అక్కరలేదు; జాలిమాటలు అసలే యక్కరలేదు. వివాహసంబంధము మాటలాడునప్పుడు కన్యకు ఎన్ని కన్నులని లెక్కింపక ఆమె గుణమును, విద్యను విచారించుట మూడవది. ఇది అన్నిటికంటె కష్టము, అన్నిటికంటె అవసరము. ఈ మూడవ పని జరిగిననాడు మొదటి రెండును తమంత తామే జరుగును.

వైద్యుడు అడుగగలడు, తల్లిదండ్రులు ఈయగలరు, ఆ యిచ్చుటను భరింపదగినదిగా చేయుట మాత్రము లోకము చేతిలో నున్నది. చూడబడు కంటికి మనము కట్టిన వెల మితిమీరుటచేతనే చూచు కన్నులుగల బిడ్డలు కొందఱు మనకు దక్కకున్నారు. ఆ వెలను తగ్గించుటకు శస్త్రము అక్కరలేదు, ధనము అక్కరలేదు. ఒక కన్ను లేని బిడ్డ వీథిలో ఎదురైనప్పుడు ముఖము త్రిప్పుకొనక, వాని ఉన్న కంటిలోనికి చూచి పలుకరించిన చాలును.